పెద్ద ఆపద ఏదీ లేని కథ మనల్ని ఎందుకు కూర్చోబెట్టి చదివిస్తుంది? కోజీ ఫాంటసీ గురించి చర్చ

వేకువ:

అందరికీ నమస్కారం. నేను కరీంనగర్‌లో ఉన్నత పాఠశాల పిల్లలకు ఇంగ్లీషు బోధిస్తాను. ఇరవై ఏళ్లుగా ఫాంటసీ నవలలు చదువుతున్నాను. వాటిలో చాలావరకు రాజ్యాలు కూలిపోయేవి, కోటలు ముట్టడిలో పడేవి, ఒక్క మనిషి ఓడిపోతే లోకమే చీకటి అయిపోయేవి. వేసవి సెలవులలో ట్రావిస్ బాల్డ్రీ రాసిన ‘లెజెండ్స్ అండ్ లాటేస్’ చదివాను, పది రోజులు గడవక ముందే మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివాను. పెద్ద యుద్ధాలు లేకుండా, చిన్న చిన్న పనులతో హాయిగా సాగే ఇటువంటి కథలనే కోజీ ఫాంటసీ అంటున్నారు. అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు.

చదవనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. వివ్ అనే ఓర్క్ జాతి స్త్రీ (ఓర్కులు అంటే ఫాంటసీ కథలలోని ఒక రాక్షసజాతి) ఏళ్ల తరబడి కూలికి కత్తి పట్టి బతికింది. ఆఖరి వేట ముగించుకుని థూన్ అనే నగరానికి చేరి, ఒక పాత గుర్రపుశాలను కొని, కాఫీ అంటే ఏమిటో ఎవరికీ తెలియని ఆ ఊరిలో కాఫీ దుకాణం తెరుస్తుంది. కత్తి గోడకు ఎక్కుతుంది. మిగిలిన నవలంతా బల్లలు చేయించడం, పనివాళ్లను కుదుర్చుకోవడం, రొట్టెలు కాల్చే మనిషిని వెతకడం వంటి పనులతోనే నడుస్తుంది.

నాకు అంతుపట్టని విషయం ఇది. దుకాణం తెరిచిన మొదటి ఉదయం అన్నీ సిద్ధంగా ఉంటాయి, గింజల వాసన గది నిండా ఉంటుంది, కానీ ఎవరూ రారు. ఆ పేజీలలో నేను పడిన ఆదుర్దా ఏ కోట ముట్టడిలోనూ పడలేదు. మన దగ్గర బోణీ అనే మాట ఉంది కదా, ఆ బోణీ అవుతుందా కాదా అన్నదే అక్కడున్న ఉత్కంఠ అంతా. లోకం మునిగిపోయే కథలో కలగని కంగారు, ఒక కప్పు కాఫీ అమ్ముడవుతుందా లేదా అన్నచోట ఎందుకు కలిగింది? మీ అనుభవాలు రాయండి.

గ్రంథాలయపు మెట్లు:

వేకువ గారూ, మంచి ప్రశ్న వేశారు. జవాబు వెతికే ముందు కొంత చరిత్ర చెప్పుకోవడం అవసరం.

బాల్డ్రీ వృత్తిరీత్యా ఆడియో పుస్తకాలు చదివే గాత్రధారి. నవంబరు నెలలో నవల పూర్తి చేయాలనే సామూహిక సంకల్పంలో భాగంగా 2021లో ఈ నవల రాశాడు. 2022 ఫిబ్రవరిలో స్వయంగా ప్రచురించుకున్నాడు, అదే ఏడాది నవంబరులో టోర్ సంస్థ దానిని తిరిగి వెలువరించింది. తరువాత అది సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో, నెబ్యులా పురస్కారాల తుది జాబితాలలో ఉత్తమ నవల విభాగంలో నిలిచింది. ఘనమైన ఫాంటసీ, స్వల్పమైన పణం (అంటే ఓడితే పోయేది కొంచెమే) అని అర్థం వచ్చే ఉపశీర్షిక దాని ముఖచిత్రం మీదే ఉంది. ఈ కోవ అంతకు ముందు కూడా ఉన్నప్పటికీ, పాఠకులు నోటితో అడిగి కొనుక్కునే సరుకుగా దానిని మార్చినది ఆ ఉపశీర్షికే అని నా అభిప్రాయం.

ఇదంతా కరోనా కాలం పుట్టించిన అభిరుచి అని చాలామంది తేల్చేస్తారు. అది సగం నిజం మాత్రమే. టి.జె. క్లూన్ రాసిన ‘ది హౌస్ ఇన్ ది సెరూలియన్ సీ’ 2020 మార్చిలోనే, అంటే ఇళ్ల తలుపులు మూతపడుతున్న రోజులలోనే వెలువడింది. దాని రచన మాత్రం అంతకు ముందే ముగిసింది. ఇంకా వెనక్కి వెళితే, ఫిన్లండ్ రచయిత్రి తూవె యాన్సన్ తన మూమిన్ కథలలో మొదటిదానిని 1939 శీతాకాలంలో, తన దేశం మీద యుద్ధం వచ్చిపడినప్పుడు మొదలుపెట్టింది. పుస్తకంగా అది వెలువడినది 1945లో. వరదలో తండ్రిని వెతుక్కుంటూ వెళ్లే చిన్న ప్రాణుల కథ అది. అదే 1939లో ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రచయిత టోల్కిన్ స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో, చెరసాలలో ఉన్నవాడు బయటపడి తన ఇంటికి వెళ్లాలని చూస్తే అది తప్పెలా అవుతుందని వాదించాడు. యుద్ధరంగం నుంచి పారిపోయిన సైనికుడినీ, చెర నుంచి తప్పించుకోవాలనుకునే బందీనీ ఒకే గాటన కట్టవద్దన్నాడు. అంటే బయట నిప్పు రాజుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు ఇటువంటి కథను చేతిలోకి తీసుకున్నారు.

పడమటి గాలి:

నేను ఈ కోవను ఇష్టపడని పాఠకుడిని. నా అభ్యంతరాన్ని శ్రద్ధగానే మీ ముందు పెడతాను, కోపగించుకోకుండా చదవండి.

ఫాంటసీ అంటే నాకు వీరం, అద్భుతం, భయానకం. ఈ మూడింటినీ తీసివేసి, ఓర్కులను, రాక్షసాంశ గల పాత్రలను తెచ్చి కాఫీ కలిపించడం ఎందుకు? ఆ పని మనుషులే చేయగలరు కదా. ఇందులో ఉన్నది శాంతరసం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. భరతుడు చెప్పిన ఎనిమిది రసాలకు తరువాతివారు తొమ్మిదవదిగా చేర్చిన శాంతాన్ని అభినవగుప్తుడు అంత గట్టిగా నిలబెట్టినది, అది మోక్షం వైపు నడిపిస్తుందనే కారణం చేత. కోరికలు చల్లారడం దాని మూలం. ఈ నవలలలో కోరిక చల్లారదు సరికదా, మంచి కుర్చీ కావాలి, మంచి రొట్టె కావాలి, మంచి పొరుగు కావాలి అని ఇంకా పెరుగుతుంది. సుఖాన్ని శాంతం అని పిలిస్తే శాంతానికి అన్యాయం చేసినవాళ్లమవుతాము.

దోసె పెనం:

పడమటి గాలి గారు రసాల వైపు నుంచి చూశారు. నేను పెనం వైపు నుంచి చూస్తాను, ఎందుకంటే మాది నెల్లూరులో చిన్న టిఫిన్ సెంటర్. మా నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా నడిపారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను.

వేకువ గారు చెప్పిన ఆ మొదటి ఉదయం నేను నిజంగా చూశాను. మేము పాత చోటు ఖాళీ చేయవలసి వచ్చి కొత్త వీధిలో దుకాణం తెరిచిన రోజున, తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి ఇడ్లీ రేకులు ఎక్కించాము, శనగపప్పు చట్నీ రుబ్బాము, సాంబారు కాచాము. ఎనిమిదిన్నర దాకా ఒక్కరు కూడా మెట్టు ఎక్కలేదు. మా నాన్నగారు గల్లాపెట్టె దగ్గర నిలబడి వీధి చివర దాకా చూస్తూనే ఉన్నారు, అమ్మ లోపల నుంచి ఒక్క మాట కూడా అడగలేదు. ఇడ్లీ చల్లారితే గట్టిపడుతుంది, పులిసిన పిండి మరునాటికి ఆగదు. అద్దె, గ్యాస్ బండ, దినవడ్డీకి తెచ్చిన డబ్బు ఇవేవీ ఆగవు. అందువల్ల ఈ కోవకు స్వల్పమైన పణం అనే పేరు పెట్టినవారితో నేను ఏకీభవించలేను. చిన్న దుకాణం పెట్టుకున్న మనిషికి అంతకు మించిన పణం లేదు. లోకం అంతమైతే అందరితో పాటు మనమూ పోతాము. దుకాణం మూతపడితే మన ఒక్కరి ఇల్లే మునుగుతుంది.

ఇంతకీ నేను ఆ నవలను ఇష్టపడ్డాను. ఇష్టపడటానికి కారణం కూడా చెబుతాను. వివ్ దగ్గర ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు ఉంది. అప్పు లేకుండా స్థలం కొంటుంది, వడ్రంగికి కూలి వెంటనే ఇస్తుంది. మొదటి రోజు ఎవరూ రాకపోతే, మరునాడు ఊరికే రుచి చూపించి జనాన్ని రప్పించుకోగల వెసులుబాటు ఆమెకు ఉంది. నన్ను అడిగితే ఆ పుస్తకంలో మాయ అంటే ఓర్కులూ మంత్రపు రాళ్లూ కావు. చేతి పని బాగా వచ్చిన మనిషి, ఆ పనిని ప్రేమించిన మనిషి, అప్పు భయం లేకుండా ఆ పని మీదే బతకగలగడమే అందులోని అసలు మాయ. మాకు అది ఏ రాజ్యంలోనూ కనిపించలేదు. అందుకే కాబోలు, ఆ పేజీలు చదువుతున్నప్పుడు నాకు కడుపులో ఒక రకమైన బాధ, దానితో పాటు గొప్ప ఊరట కలిగాయి.

వేకువ:

దోసె పెనం గారూ, మీరు రాసినది నేను తరగతి గదిలో పిల్లలకు చదివి వినిపించాలనుకుంటున్నాను, మీకు అభ్యంతరం లేకపోతే. నా ప్రశ్నకు సగం జవాబు అందులో దొరికింది.

మీ మాట విన్న తరువాత నవలలోని మరొక అంశం నాకు కొత్తగా కనిపిస్తున్నది. థూన్‌లో మాడ్రిగల్ అనే శక్తి ఉంటుంది. వీధిలోని ప్రతి దుకాణం దానికి నెలనెలా సొమ్ము కట్టాలి, కట్టకపోతే ఏం జరుగుతుందో ఎవరూ పైకి చెప్పరు. మన వీధులలో దీనికి మామూలు అని పేరు. సాధారణ ఫాంటసీ అయితే వివ్ గోడ మీది కత్తి తీసి ఆ ముఠాను నరికి పారేసేది, మనం చప్పట్లు కొట్టేవాళ్లం. ఇక్కడ ఆమె చేయి పలుమార్లు ఆ కత్తి వైపు వెళ్లబోతుంది, మనసు దానిని వెనక్కి లాగుతుంది. చివరకు వ్యవహారం మాటలతో, వారం వారం పంపే రొట్టెలతో పరిష్కారమవుతుంది. ఆమె ఓడిపోతే పోయేది ప్రాణం కాదు. తాను ఎలాంటి మనిషిగా మారాలని ఈ ఊరికి వచ్చిందో ఆ కొత్త మనిషి పోతుంది. ఈ పణాన్ని స్వల్పం అనడం నాకు కూడా ఇక కుదరదు.

సముద్రపు ఒడ్డు:

నేను పదకొండేళ్లుగా జపాన్‌లో, నగోయా దగ్గర ఉంటున్నాను. ఇక్కడ ఈ అభిరుచికి చాలా కాలం నుంచి ఒక పేరు ఉంది. ఇయాషికేయి అంటారు, మాన్పే కోవ అని చెప్పుకోవచ్చు. గాయాన్ని మాన్పడం అనే అర్థంలో ఇయాషి అనే మాట 1995 తరువాత బాగా వాడుకలోకి వచ్చింది. ఆ ఏడాది జనవరి 17న కోబే భూకంపంలో ఆరు వేలమందికి పైగా చనిపోయారు, మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో విషవాయువు ప్రయోగం జరిగింది.

ఆ కోవలో నాకు అత్యంత ప్రియమైన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, ‘యొకొహామా కైదాషి కికో’. హితోషి అషినానో దానిని 1994 నుంచి 2006 వరకు రాశాడు, గీశాడు. ఆల్ఫా అనే యంత్రస్త్రీ ఊరి చివర ఒక కాఫీ దుకాణం నడుపుతూ ఉంటుంది. యజమాని ఎక్కడికో వెళ్లాడు, ఎప్పుడు వస్తాడో తెలియదు, గిరాకీ రోజుకు ఒకరో ఇద్దరో. సముద్రం మట్టం పెరిగి పాత పట్టణాలు నీటి అడుగుకు చేరాయి, మనుషులు మెల్లగా తగ్గిపోతున్నారు. ఎవరూ దానిని ఆపడానికి బయలుదేరరు. రోడ్డు నీటిలోకి దిగిపోయిన చోట కూర్చుని పుచ్చకాయ తింటారు, సాయంకాలం నీళ్ల అడుగున పాత వీధి దీపాలు వెలగడం చూస్తారు.

పడమటి గాలి గారి అభ్యంతరానికి నా జవాబు ఇదే. ప్రమాదం లేని కథలు కావు ఇవి. ప్రమాదం అప్పటికే జరిగిపోయిన తరువాత మిగిలిన రోజుల కథలు. వీరగాథ ముగిసిన చోట ఇవి మొదలవుతాయి. యంత్రస్త్రీ ఎందుకు, మనిషి చాలడా అని మీరు అడగవచ్చు. ఆమెకు వయసు రాదు, చుట్టూ ఉన్న పిల్లలు పెద్దవాళ్లవుతారు, పెద్దవాళ్లు పోతారు. కాలం గడవడం చూడటానికి ఆమె వంటి కళ్లు కావాలి. అద్భుతం ఇక్కడ పనిలేకుండా కూర్చోలేదు.

మరొక ఉదాహరణ కూడా చూడండి. ఎయికో కదోనో 1985లో రాసిన ‘కికీ’ నవలలో పదమూడేళ్ల మంత్రగత్తె పిల్ల కొత్త ఊరికి వెళ్లి, చీపురు మీద ఎగురుతూ సామాన్లు చేరవేసే పని పెట్టుకుంటుంది. అది చిన్న చిన్న ఘట్టాల దండలా సాగుతుంది. దాని ఆధారంగా తీసిన 1989 సినిమా చివరలో వచ్చే గాలిఓడ ప్రమాదం నవలలో లేదు. నేను రెండూ ప్రేమిస్తాను, కానీ నాకు మళ్ళీ మళ్ళీ గుర్తుకు వచ్చేది ఆ గాలిఓడ కాదు. రొట్టెల దుకాణం పైగదిలో ఆ పిల్ల మొదటి రాత్రి ఒంటరిగా పడుకోవడం.

మంచుదారి:

నేను కెనడా నుంచి రాస్తున్నాను. అందరూ హాయి గురించి మాట్లాడుతున్నారు కాబట్టి, ఆ హాయి కింద ఉన్న నీడ గురించి కూడా ఒక మాట చెప్పడం నా బాధ్యత అనిపించింది.

క్లూన్ నవలలో లైనస్ బేకర్ అనే ప్రభుత్వోద్యోగి మాయాశక్తులున్న ఆరుగురు పిల్లలు ఉండే ద్వీపానికి తనిఖీకి వెళతాడు, నియమాల పుస్తకం పట్టుకుని వెళ్లినవాడు ఆ ఇంటి మనిషి అవుతాడు. నేను చదివినప్పుడు కళ్లు చెమర్చాయి. తరువాత తెలిసిన విషయం ఏమిటంటే, 1950ల చివరి నుంచి 1980ల దాకా కెనడాలో వేలమంది ఆదివాసీ పిల్లలను కుటుంబాల నుంచి వేరు చేసి ఇతరుల ఇళ్లకు పంపిన ఉదంతం గురించి చదవడం ఆ నవలకు ఒక ప్రేరణ అని రచయితే చెప్పాడు. దాని మీద తీవ్రమైన విమర్శలు వచ్చాయి. నేను పనిచేసే చోట ఆ పిల్లలలో ఒకరైన పెద్దావిడ ఉన్నారు. ఆమె కథలో మంచి తనిఖీ అధికారి ఎవరూ లేరు, ద్వీపమూ లేదు. ఆమె జీవితం గురించి విన్న తరువాత ఆ పుస్తకాన్ని నేను మునుపటిలా చదవలేకపోయాను.

పుస్తకాన్ని నిషేధించమని నేను అనడం లేదు. ఊరటనిచ్చే కథకు ఒక బాధ్యత ఉంటుందని మాత్రం అంటున్నాను. ఎవరి గాయం మీద మెత్తని దుప్పటి కప్పుతున్నామో, ఆ గాయం గలవారికి ఆ దుప్పటిలో చోటు ఉందా అని చూసుకోవాలి. మూమిన్ కథలు ఈ పరీక్షకు నిలబడతాయి, ఎందుకంటే అవి రాసిన మనిషి మీదే ఆ బాంబులు పడుతున్నాయి.

వేపనీడ:

మాది పల్నాడు జిల్లా, రెంటచింతల దగ్గర ఊరు. వేసవిలో నలభై అయిదు డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు. ఈ పుస్తకాలు చదువుతున్నప్పుడు నాకు ఎప్పుడూ ఒక ఇబ్బంది ఉండేది. ఇప్పుడు మీ చర్చ చూశాక అది మాటల్లోకి వస్తున్నది.

వీటిలోని హాయి అంతా చలిదేశపు హాయి. చలిమంట, ఉన్ని దుప్పటి, కిటికీ బయట మంచు, చేతిలో పొగలు కక్కే కప్పు. బెంగళూరులో పెరిగి ఇంగ్లండ్‌లో స్థిరపడిన సంగు మందన్న 2022లో రాసిన మంత్రగత్తెల నవలలో కథానాయిక మికా మూన్ భారతదేశంలో పుట్టిన అనాథ. ఆమెను చూసి నాకు చాలా సంతోషం కలిగింది. అయినా ఆమెకు ఊరట దొరికే ఇల్లు ఇంగ్లండ్ ఇల్లే, అది సహజమే కూడా. కోజీ అనే మాటకు వెచ్చదనం అనే అర్థం పుట్టుకతోనే అంటుకుని ఉంది. మే నెల మధ్యాహ్నం మా ఊరిలో ఎవరికైనా వెచ్చగా ఉందా అని అడిగి చూడండి.

మనకు హాయి అంటే చలువ. కడుపు చల్లగా ఉండాలని దీవిస్తాము, చల్లగా బతకమంటాము. నిమ్మళంగా ఉండటం అనే మాట కూడా ఉంది, ఈ కోవకు తెలుగులో పేరు పెట్టవలసివస్తే నిమ్మళపు కథలు అంటాను. మన నిమ్మళపు కథ చలివేంద్రం దగ్గర జరగాలి. తాటాకు పందిరి, కింద ఇసుక, దాని మీద కొత్త కుండలు, వాటికి తడి గోనెపట్టా, ఒక మూల మజ్జిగ తొట్టి. దారిన పోయేవాళ్లందరూ ఆగుతారు. మనిషి ఆగుతాడు, గొర్రెల కాపరి ఆగుతాడు, చెట్టు దిగి వచ్చిన దెయ్యం ఆగకూడదా? దానికీ దాహం వేస్తుంది. డబ్బు తీసుకోరు కాబట్టి బోణీ ప్రశ్న రాదు, కానీ సాయంత్రానికి కుండలో నీళ్లు చాలుతాయా, చెరువు ఎండితే ఎక్కడి నుంచి తేవాలి అన్న ప్రశ్న ప్రతి పేజీలోనూ ఉంటుంది.

పడమటి గాలి:

వేపనీడ గారి చలివేంద్రం చదివిన తరువాత నేను రెండు రోజులు ఆగి రాస్తున్నాను.

మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు మా ఇంట్లో తాతగారి పెట్టెలో ఉండేవి. మణిసిద్ధుడు కాశీకి నడుస్తూ, తోడు వచ్చిన గోపకుమారుడికి మజిలీ మజిలీకీ ఒక కథ చెబుతాడు. పన్నెండు భాగాలలో ఎన్ని సాహసాలు, ఎన్ని శాపాలు, ఎందరు రాజకుమారులు! నేను వాటి కోసమే చదివాననుకున్నాను. నిన్న మళ్ళీ తెరిచి చూస్తే, నన్ను ఆపినది ఆ సాహసాలు కాదు. ఎండ తగ్గించుకోవడానికి ఆగడం, ఊరిలో వింత చూసి వచ్చి ఆ పిల్లవాడు కథ చెప్పమని పట్టుబట్టడం, భోజనాలయ్యాక నడుం వాల్చి వినడం. పేదరాశి పెద్దమ్మ ఇల్లు కూడా అటువంటిదే. రాజకుమారుడు అక్కడ ఒక రాత్రి తిని, పడుకుని, తెల్లవారి సాహసానికి వెళ్లిపోతాడు, కథ అతని వెంట పోతుంది. పెద్దమ్మ తరువాత ఏం చేసిందో, ఆ గిన్నెలు ఎవరు కడిగారో మనకు ఏ కథా చెప్పలేదు. ఈ కొత్త నవలలు రాజకుమారుడి వెంట పోకుండా ఆ ఇంట్లోనే ఉండిపోయాయి. ఇది నాకు ఇంతవరకు తట్టలేదు.

శాంతరసం విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. దీనికి దగ్గరగా ఉన్నది సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు అంగీకరించిన వత్సలం అని ఇప్పుడు అనిపిస్తున్నది. తల్లికి బిడ్డ మీద ఉండే ఆ భావం, ఇక్కడ దుకాణం మీదికీ, ఊరి మీదికీ, మజ్జిగ తాగడానికి వచ్చిన దెయ్యం మీదికీ కూడా విస్తరించింది. వేపనీడ గారూ, ఆ కథ మీరు రాయాలి.

గ్రంథాలయపు మెట్లు:

పెద్దమ్మ ఇంటి గురించి పడమటి గాలి గారు చెప్పినది ఈ చర్చలో నాకు దొరికిన గొప్ప విషయం. మంచుదారి గారి హెచ్చరికను కూడా దాని పక్కనే పెట్టుకుంటాను. పూటకూళ్ల ఇల్లు అన్నాక అక్కడ ఎవరు లోపల కూర్చుని తినగలిగారు, ఎవరు అరుగు కింద నిలబడ్డారు అన్న ప్రశ్న మన నేల మీద తప్పకుండా వస్తుంది. చలివేంద్రం రాసేటప్పుడు చెంబు ఎవరి చేతికి అందుతుందో, ఎవరి దోసిట్లో పై నుంచి పోస్తారో వేపనీడ గారు చూపించాలని కోరుతున్నాను. దాన్ని దాటేసిన హాయి మనకు హాయి కాదు.

వేపనీడ:

తప్పకుండా చూపిస్తాను. మా ఊరి చలివేంద్రం దగ్గర ఆ రెండూ చూసిన మనిషిని నేను. ఆ పాత్ర ఇప్పుడే కనిపిస్తున్నది: చెంబు అందరి చేతికీ ఇచ్చే ముసలమ్మ. మొదటి వారం ఆ కారణంగానే ఎవరూ ఆగరు.

దోసె పెనం:

ఈ చర్చ నడుస్తుండగా ఆదివారం మధ్యాహ్నం దుకాణం కట్టేశాక, ఆ మొదటి ఉదయం అధ్యాయాన్ని మా నాన్నగారికి తెలుగులో చెబుతూ చదివి వినిపించాను. ఓర్క్ అంటే ఏమిటని ఆయన అడగలేదు. కత్తి సంగతి కూడా పట్టించుకోలేదు. కళ్లు మూసుకుని వింటూ ఉన్నారు, నిద్రపోయారేమో అనుకుని నేను ఆపాను. అప్పుడు కళ్లు తెరిచి, “ఆ రోజు కాచిన కాఫీ అంతా ఏం చేసింది, పారబోసిందా?” అని అడిగారు.